కారు లేకుండా జర్మనీ ఊళ్ళు: అత్తమామలు, పిల్లలతో రెండు వారాలకి సలహాలు కావాలి

కరకట్టరోడ్డు · విజయవాడ

అందరికీ నమస్కారం. ఈ మే నెలలో జర్మనీ వెళ్దామనుకుంటున్నాం. మొత్తం ఆరుగురం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, అత్తయ్యగారు, మామయ్యగారు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే ఎంత దూరమైనా నడుస్తారు, మెట్లు చూస్తే మాత్రం ఆగిపోతారు. మామయ్యగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయనకి కిటికీ పక్కన సీటిస్తే చాలు, ఇంక ఎవరి జోలికీ రారు.

మా ఆయన ఇక్కడ కారు బాగానే నడుపుతారు కానీ అక్కడ కుడివైపున, అదీ ఆటోబాన్ మీద అంటే ససేమిరా అంటున్నారు. నాకు డ్రైవింగ్ రాదు. కాబట్టి కారు అనేది లేదు. ట్రావెల్స్ అతను ఒకాయన "చిన్న ఊళ్ళు చూడాలంటే కారు లేకుండా కుదరదు మేడమ్, బస్సు టూర్ తీసుకోండి" అన్నాడు. బస్సు టూర్‌లో రోజుకో హోటలు, పొద్దున్నే ఆరింటికి లేపడం. పెద్దవాళ్ళతో, పసివాడితో అది మా వల్ల కాదు.

మాకు పెద్ద నగరాల మీద అంత మోజు లేదు. చెక్క దూలాలు పైకి కనిపించే పాత ఇళ్ళు, నది, కోట, కొండలు చూస్తే చాలు. నేను రాసుకున్న లిస్టు: రైన్ నది, హైడెల్‌బర్గ్, రోతెన్‌బర్గ్, బాంబెర్గ్, బ్లాక్ ఫారెస్ట్, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట, కోనిగ్‌జే సరస్సు, డ్రెస్డెన్, బెర్లిన్. ఇందులో ఎన్ని కుదురుతాయి? రైలు టికెట్లు ఇక్కడి నుంచే కొనాలా? ఇంకో సంగతి, అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు.

---

రైలుపిచ్చి · న్యూరెంబర్గ్

కారు లేకుండా కుదరదన్న ఆయన్ని ఒకసారి ఇటు పంపించండి, నేను తిప్పి చూపిస్తాను. మీ లిస్టులో రైలో బస్సో వెళ్ళని ఊరు ఒక్కటీ లేదు. అసలు ఇబ్బంది లిస్టు పొడవుతోనే. రెండు వారాల్లో తొమ్మిది చోట్లంటే జర్మనీ చూసినట్టుండదు, సూట్‌కేసులు ఎక్కించి దించినట్టుంటుంది.

నేనైతే ఇలా లెక్క వేస్తాను. సామానుతో ప్రయాణం చేసే రోజులు ఎంత తక్కువైతే అంత మంచిది. మూడు ఊళ్ళలో బస పెట్టుకోండి. ఒక్కోచోట నాలుగేసి రాత్రులు. అక్కడి నుంచి చేతి సంచీతో పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేయడం. అత్తయ్యగారికి ఒకరోజు ఓపిక లేకపోతే గదిలోనే ఉండొచ్చు, మిగతావాళ్ళ టికెట్ వృథా కాదు.

బెర్లిన్, డ్రెస్డెన్ కొట్టేయండి. బాగుండక కాదు, అవి ఇంకో మూల. కోనిగ్‌జే కూడా ఈసారికి వదిలేయండి. అది బెర్చెస్‌గాడెన్ పక్కన, ఆస్ట్రియా సరిహద్దు మూలన ఉంది. దానికోసమే రెండు రాత్రులు పెట్టాలి. ఇక మిగిలింది రైన్ లోయ, ఫ్రాంకోనియా (రోతెన్‌బర్గ్, బాంబెర్గ్ ఉన్న వైపు), ఆల్ప్స్. ఈ మూడూ ఒకే వరుసలో పడతాయి. విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, తిరుగు ప్రయాణం మ్యూనిక్ నుంచి ఎక్కేలా తీసుకుంటే వెనక్కి రావాల్సిన పనే ఉండదు.

---

దారినపోయేదానయ్య · డల్లాస్

ఆరుగురు ఉన్నప్పుడు తొమ్మిది సీట్ల వ్యాన్ అద్దెకి తీసుకుంటే హాయి కదండీ. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. మేం అలాగే తిరిగాం. రైళ్ళలో ముసలివాళ్ళని పట్టుకుని పరుగులు పెట్టడం ఎందుకు?

---

కరకట్టరోడ్డు · విజయవాడ

దానయ్యగారూ, నడిపేవాళ్ళు లేరని మొదట్లోనే చెప్పాను కదండీ 🙂

---

చలిమిడి · మ్యూనిక్

దానయ్యగారి మాట కొంతవరకు నిజమే. పల్లెల మధ్య తిరగాలంటే కారు సుఖం. కానీ వీళ్ళు చూడాలనుకుంటున్నవి పాత కోట గోడల మధ్య ఊళ్ళు. అక్కడ కార్లని లోపలికి రానివ్వని వీధులే ఎక్కువ. ఊరి బయట పార్కింగులో పెట్టి నడవాల్సిందే. రైల్వే స్టేషన్ నుంచి నడిచినా దాదాపు అంతే దూరం.

---

మైన్‌గట్టు · ఫ్రాంక్‌ఫర్ట్

రైన్ సంగతి నేను చెప్తాను, మా ఇంటికి ఎవరొచ్చినా నేను ముందు తీసుకెళ్ళేది అక్కడికే.

బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్ల లోయని 2002లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. రెండు ఒడ్డులా రైలు పట్టాలే. ఎడమ ఒడ్డున బకరాఖ్, ఓబర్‌వేజెల్, సాంక్ట్ గోవర్, బొప్పార్డ్ అన్నీ వరసగా స్టేషన్లు. మామయ్యగారిని ఎడమ ఒడ్డు రైల్లో నది వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ఒక మలుపు తిరిగితే కోట, ఇంకో మలుపు తిరిగితే మరో కోట.

బసకి నా ఓటు బొప్పార్డ్‌కి. బకరాఖ్ చూడ్డానికి ఇంకా ముద్దుగా ఉంటుంది కానీ మరీ చిన్నది, సాయంత్రం ఏదైనా కొనాలంటే ఇబ్బంది. బొప్పార్డ్‌లో సూపర్ మార్కెట్లు ఉన్నాయి, నది ఒడ్డున చదునైన నడక దారి ఉంది. అత్తయ్యగారు పొద్దునా సాయంత్రం అక్కడే నడవొచ్చు.

ఒకరోజు మాత్రం తప్పకుండా ఇలా చేయండి. పొద్దున రైల్లో బకరాఖ్ వెళ్ళండి, అరగంట కూడా పట్టదు. ఊళ్ళో తిరిగి, ఏదైనా తిని, మధ్యాహ్నం పడవెక్కి బొప్పార్డ్ రండి. రైన్ ఉత్తరానికి ప్రవహిస్తుంది కాబట్టి ఇటు వచ్చేటప్పుడు వాలుకి, సుమారు గంటన్నర. ఎదురెక్కితే చాలాసేపు పడుతుంది, పిల్లలు విసిగిపోతారు. ఎక్కిన కాసేపటికే కౌబ్ దగ్గర నది మధ్యలో, లంకలో తెల్లటి కోట ఒకటి కనిపిస్తుంది. వచ్చే పోయే పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కట్టినది. తర్వాత 132 మీటర్ల లోరెలై కొండ. అక్కడ నది ఇరుకై మెలిక తిరుగుతుంది, అందరూ పడవలో ఒకే పక్కకి చేరిపోతారు. పై డెక్ మీద గాలి గట్టిగా కొడుతుంది, మే అయినా స్వెటర్లు దగ్గర ఉంచుకోండి. కేడీ కంపెనీ పడవలు సీజన్లో రోజూ ఉంటాయి, టైమ్‌టేబుల్ ముందే చూసుకోండి. రైలు టికెట్ పడవలో చెల్లదు, వేరే కొనాలి.

బొప్పార్డ్ నుంచి ఎమ్మెల్స్‌హౌజెన్‌కి కొండ మీదకి ఒక చిన్న రైలు వెళ్తుంది. 1908 నాటి లైను. పళ్ళ పట్టా (బండి జారకుండా మధ్యలో వేసే పళ్ళున్న పట్టా) లేకుండా అంత వాలు ఎక్కే లైన్లు జర్మనీలో బహు తక్కువ. వంతెనలు, సొరంగాలు. మామయ్యగారికి చెప్పకుండా తీసుకెళ్ళండి.

గది తీసుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి. రెండు ఒడ్డులా రాత్రంతా గూడ్స్ బళ్ళు నడుస్తూనే ఉంటాయి. "నది కనిపించే గది" అని ఉంటే చాలాచోట్ల మధ్యలో పట్టాలు కూడా ఉంటాయి. అలవాటు లేనివాళ్ళకి నిద్ర పట్టదు.

---

కరకట్టరోడ్డు · విజయవాడ

గూడ్స్ బండి చప్పుడు లేకపోతేనే మామయ్యకి నిద్ర పట్టదండీ, మా క్వార్టర్స్ పట్టాల పక్కనే ఉండేది 😄 అత్తయ్య కోసం వెనక వైపు గది చూస్తాను.

టికెట్ల గురించి ఎవరైనా చెప్పండి. నెట్‌లో చదివితే నెల పాస్ అంటారు, రోజు టికెట్ అంటారు, సేవర్ అంటారు. తల తిరుగుతోంది.

---

రైలుపిచ్చి · న్యూరెంబర్గ్

మూడు రకాలు తెలిస్తే చాలు.

ఒకటి డాయిష్‌లాండ్ టికెట్. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 చేశారు, 2026 జనవరి నుంచి నెలకి 63. దేశమంతా లోకల్, రీజనల్ రైళ్ళు, సిటీ బస్సులు, ట్రాములు, మెట్రో అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రయాణ రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. ఇది క్యాలెండర్ నెల లెక్క, మీరు 20న మొదలుపెట్టినా 31తో ఆఖరు. అందుకే ప్రయాణం మొత్తం మే నెలలోనే ముగిసేలా చూసుకోండి. పైగా ఇది నెలనెలా తనంతట తానే కొనసాగే చందా. 10వ తేదీలోపు రద్దు చేయకపోతే జూన్ డబ్బులు కూడా పోతాయి. ఎవరి టికెట్ వాళ్ళదే. ఆరేళ్ళలోపు పిల్లలకి అక్కర్లేదు కాబట్టి బాబు ఉచితం, పాపకి మాత్రం కొనాలి. అంటే ఐదు టికెట్లు, 315 యూరోలు.

రెండోది రాష్ట్రాల రోజు టికెట్లు. బవేరియాలో బయర్న్ టికెట్, రైన్ వైపు రైన్‌లాండ్-ఫాల్జ్ టికెట్. ఒక్క టికెట్ మీద ఐదుగురు దాకా వెళ్ళొచ్చు. మీ నలుగురు పెద్దవాళ్ళూ పాపా కలిపి సరిగ్గా ఐదుగురు. సోమ నుంచి శుక్ర దాకా ఉదయం 9 గంటల తర్వాతే చెల్లుతుంది, శని, ఆదివారాలు, పండుగ రోజుల్లో అర్ధరాత్రి నుంచే. ఇదీ రీజనల్ రైళ్ళకే.

మూడోది ఐసీఈలకి ముందుగా కొనుక్కునే చౌక టికెట్, ష్పార్‌ప్రైస్ అంటారు. ఏ బండికి కొంటే ఆ బండే ఎక్కాలి. పెద్దవాళ్ళతో కలిసి వెళ్తే 14 ఏళ్ళ దాకా పిల్లలకి డబ్బు కట్టక్కర్లేదు కానీ కొనేటప్పుడు పాప పేరు లెక్కలో వేయాలి. తర్వాత చేర్చలేరు. సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి. మన దగ్గరలా టికెట్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ఆరుగురు కలిసి కూర్చోవాలంటే ఆ నాలుగు డబ్బులు పెట్టండి.

మీరు రోజూ ఎక్కడికో అక్కడికి వెళ్తారా, మధ్యలో ఇంటిపట్టున ఉంటారా అన్నదాన్ని బట్టి ఒకటి, రెండు రకాల్లో ఏది చౌకో తేలుతుంది. లెక్కలు వేసే ఓపిక లేకపోతే నెల పాసే తీసుకోండి. ప్రతిరోజూ మెషీన్ ముందు నిలబడి తడుముకోవడం తప్పుతుంది. అత్తయ్యగారు రెండు స్టాపుల దూరానికి కూడా బస్సెక్కేయొచ్చు. అయితే కొన్ని యాప్‌లు మాత్రమే విదేశీ కార్డు తీసుకుంటాయి, అది ఇంటి దగ్గరే సరిచూసుకోండి.

---

పప్పుచారు · హైదరాబాద్

జర్మనీ అంటే గడియారం చూసి రైలు సరిచేసుకోవచ్చు అనుకునేవాణ్ణి. వెళ్ళాక తెలిసింది. ఆలస్యాలు మన దగ్గర లాగే. వీళ్ళని కాస్త హెచ్చరించండి అన్నా.

---

రైలుపిచ్చి · న్యూరెంబర్గ్

నిజమే. 2024లో దూరప్రయాణ రైళ్ళలో సమయానికి నడిచినవి 62.5 శాతం. అదీ ఆరు నిమిషాలలోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా. కాబట్టి బండి మారాల్సి వస్తే కనీసం అరగంట వదలండి. జర్మన్ రైల్వే వాళ్ళ డీబీ యాప్‌లో "మారడానికి కనీస సమయం" అని సెట్టింగ్ ఉంది, అక్కడే పెట్టేయొచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఏడు నిమిషాల్లో ప్లాట్‌ఫారం మారమని యాప్ చూపిస్తే నమ్మొద్దు. చేరేసరికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యమయ్యేలా ఉంటే చౌక టికెట్‌కి "ఆ బండే ఎక్కాలి" అన్న షరతు పోతుంది, వేరే బండి ఎక్కేయొచ్చు. గంట దాటితే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి ఇస్తారు.

చాలామంది చూసుకోనిది ఒకటుంది. నెల పాస్ మీద రీజనల్ రైల్లో వెళ్ళి, అక్కడ చౌక టికెట్ ఉన్న ఐసీఈ పట్టుకుందామనుకుంటారు. రీజనల్ బండి లేటయి ఐసీఈ తప్పిపోతే ఆ రెండు టికెట్లకీ సంబంధం లేదు, కొత్తది కొనాల్సిందే. సామానుతో ఊరు మారే రోజుల్లో మొదటి స్టేషన్ నుంచి ఆఖరి స్టేషన్ దాకా ఒకే టికెట్‌గా కొనండి. విమానం దిగిన రోజున మాత్రం చౌక టికెట్ జోలికే పోవద్దు. ఇమిగ్రేషన్ క్యూ ఎంతసేపో ఎవరికీ తెలియదు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌లో రెండు స్టేషన్లున్నాయి. దూరప్రయాణాలది వేరు, రీజనల్ వేరు. బొప్పార్డ్‌కి రీజనల్ స్టేషన్ నుంచి మైంజ్ మీదుగా వెళ్ళండి.

---

కోకిలగడియారం · ఫ్రైబుర్గ్

ఎవరూ బ్లాక్ ఫారెస్ట్ మాటే ఎత్తట్లేదేంటి? 😤 నేను ఇక్కడ చదువుకుంటున్నాను. మా వైపు ట్రిబెర్గ్, గెంగెన్‌బాఖ్, టిటిజే లాంటి ఊళ్ళలో ఒక్క రాత్రి బస చేసినా హోటల్ వాళ్ళు కోనుస్ అని గెస్ట్ కార్డు ఇస్తారు. దాంతో బ్లాక్ ఫారెస్ట్ అంతా లోకల్ రైళ్ళు, బస్సులు ఉచితం. నెల పాస్ కూడా అక్కర్లేదు.

ఇక రైళ్ళ గురించి మామయ్యగారికి చెప్పండి. ఆఫెన్‌బుర్గ్ నుంచి కాన్‌స్టాన్స్ వెళ్ళే లైను 1873లో పూర్తయింది. కొండ ఎక్కడానికి పట్టాలని మెలికలు తిప్పి తిప్పి వేశారు. దారిలో 39 సొరంగాలు. ఒకే ఊరు కాసేపు కుడివైపు కిటికీలో, కాసేపు ఎడమవైపు కిటికీలో కనిపిస్తుంది. ఫ్రైబుర్గ్‌లో వీధి పక్కన చిన్న కాలవలు పారుతుంటాయి, చెక్క పడవకి దారం కట్టి పిల్లలు లాక్కుంటూ పోతారు. నాలుగేళ్ళ బాబుకి కోటకన్నా అదే నచ్చుతుంది, రాసిస్తాను.

---

మైన్‌గట్టు · ఫ్రాంక్‌ఫర్ట్

కాలవల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. పొరపాటున అందులో కాలు పెడితే ఫ్రైబుర్గ్ వాళ్ళనే పెళ్ళి చేసుకుంటారని అక్కడ ఓ నమ్మకం. కోకిలా, నువ్వు జాగ్రత్త 😄

---

రైలుపిచ్చి · న్యూరెంబర్గ్

బ్లాక్ ఫారెస్ట్ లైను మీద నాకూ ప్రేమే. కానీ దాన్ని పెడితే రోతెన్‌బర్గ్ వైపో, ఆల్ప్స్ వైపో వదులుకోవాలి. నాలుగో మజిలీ మాత్రం వద్దు. ఏది కావాలో వాళ్ళు తేల్చుకోవాలి. ట్రిబెర్గ్ జలపాతం దగ్గర దారి ఏటవాలుగా ఉంటుందని కూడా చెప్పాలి కదా తమ్ముడూ.

---

కరకట్టరోడ్డు · విజయవాడ

పాప స్కూల్లో కోట బొమ్మలు గీసి గీసి నోయ్‌ష్వాన్‌స్టైన్ మీదే మనసు పెట్టుకుంది. అది తీసేస్తే ఇంట్లో యుద్ధమే. బ్లాక్ ఫారెస్ట్ తర్వాతి ట్రిప్పుకి ఉంచుతాం తమ్ముడూ. రోతెన్‌బర్గ్‌లో రాత్రి ఉండాలా, పగలు వెళ్ళొస్తే చాలా?

---

చలిమిడి · మ్యూనిక్

ఉండాలి. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా టూరిస్టు బస్సులన్నీ అక్కడే. ఆ పేరున్న ఫోటో ఉంది చూడండి, రెండు దారులు చీలే చోట సన్నటి పసుపు ఇల్లు, అక్కడ నిలబడడానికి చోటుండదు. బస్సులు వెళ్ళిపోయాక ఊరు ఊరిలా ఉంటుంది. రాత్రి కావలివాడి వేషంలో ఒకాయన లాంతరు పట్టుకుని కథలు చెబుతూ తిప్పుతాడు, ఇంగ్లీషులో కూడా.

---

రైలుపిచ్చి · న్యూరెంబర్గ్

మాట బాగుంది కానీ అక్కడ రాత్రి ఉంటే ఆరుగురి సామానూ రెండుసార్లు మోయాలి. వ్యూర్జ్‌బర్గ్‌లో నాలుగు రాత్రులు ఉండి, రోతెన్‌బర్గ్‌కి మధ్యాహ్నం రెండింటికి బయలుదేరండి. వెళ్ళేసరికి మూడు దాటుతుంది. మే నెలలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు. బస్సుల జనం వెళ్ళిపోయాక కోట గోడ మీద చెక్క కప్పు కింద నడిచి, ఏదైనా తిని, ఆఖరి బండికి ముందు బండిలో వచ్చేయండి. ఆఖరి బండిని నమ్ముకోవద్దు. గోడ మీదకి ఎక్కడానికి మెట్లే ఉన్నాయి, ఆ కాసేపు అత్తయ్యగారిని చౌరస్తాలో కూర్చోబెట్టాలి.

వ్యూర్జ్‌బర్గ్ నుంచి ఒక్కసారే మారాలి, స్టైనాఖ్ అనే చిన్న స్టేషన్లో. దిగగానే రోతెన్‌బర్గ్ బండి ఎక్కడుందో చూడండి. రెండు పెట్టెల బండి, పావుగంటలో చేరుస్తుంది. తలుపు తనంతట తాను తెరుచుకోదు. తలుపు మీదున్న గుండ్రటి మీట నొక్కాలి, దాని చుట్టూ పచ్చ లైటు వెలిగాకే నొక్కాలి. కొత్తవాళ్ళు తలుపు ముందు మర్యాదగా నిలబడి ఉంటారు, బండి వెళ్ళిపోతుంది. పాపకి ఆ డ్యూటీ అప్పగించండి, మహా సరదాగా చేస్తుంది.

బాంబెర్గ్ కూడా వ్యూర్జ్‌బర్గ్ నుంచి గంట ప్రయాణమే. 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. నది మధ్యలో చిన్న లంక మీద కట్టిన పాత టౌన్‌హాల్ ఉంటుంది. ఊరి కింది భాగం చదును, కానీ అంతా రాళ్ళు పరిచిన వీధులు. స్ట్రోలర్ చక్రాలు పెద్దవి అయితేనే తీసుకెళ్ళండి. ఇంకోరోజు మా న్యూరెంబర్గ్ రండి. జర్మనీలో మొదటి ఆవిరి రైలు 1835లో ఇక్కడి నుంచి ఫ్యూర్త్‌కే నడిచింది. రైల్వే మ్యూజియం స్టేషన్ నుంచి నడిచే దూరం. మామయ్యగారిని సాయంత్రం దాకా బయటికి రప్పించలేరు.

---

చలిమిడి · మ్యూనిక్

ఆల్ప్స్ భాగం నేను చెప్తాను. గార్మిష్-పార్టెన్‌కిర్షెన్‌లో బస పెట్టండి. మ్యూనిక్ నుంచి రీజనల్ రైల్లో గంటా ఇరవై నిమిషాలు. స్టేషన్ దిగితే ఎదురుగా కొండలే.

అత్తయ్యగారికి జుగ్‌స్పిట్జ్ చూపించండి. 2,962 మీటర్లు, జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. పళ్ళ పట్టా రైలెక్కి పైకి, దిగేటప్పుడు కేబుల్ కారులో ఐబ్‌జే సరస్సు దగ్గరికి. పెద్దగా నడవకుండానే మేలో కూడా మంచు చూస్తారు. దీనికి నెల పాస్ గానీ బయర్న్ టికెట్ గానీ చెల్లదు, ఖర్చు కూడా ఎక్కువే. పొద్దున నెట్‌లో వెబ్ కెమెరాలో శిఖరం కనిపిస్తోందో లేదో చూసుకుని అప్పుడు టికెట్ కొనండి. మబ్బు పడితే పైన తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. పైన గాలి పలుచన కాబట్టి బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి వెళ్ళడం మంచిది. మిట్టెన్‌వాల్డ్ మరో ఇరవై నిమిషాలు. ఇళ్ళ గోడల నిండా బొమ్మలు, వయోలిన్లు చేసే ఊరు, చదునైన వీధి.

ఇక నోయ్‌ష్వాన్‌స్టైన్. పాపకి ముందే చెప్పి ఉంచండి, అది బవేరియా రాజు లుడ్విగ్ 1869లో మొదలుపెట్టి, పూర్తికాకుండానే 1886లో చనిపోయిన కోట. లోపల గైడుతో చూపించేది సుమారు అరగంటే. టికెట్ మీద టైమ్ ఉంటుంది, ఆ నిమిషానికి గేటు దగ్గర లేకపోతే అంతే. ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. కింద హోహెన్‌ష్వాంగౌ ఊరి నుంచి కోటకి ఎత్తు దారి, నడిస్తే ముప్పావు గంట పట్టొచ్చు. గుర్రపు బండి ఎక్కినా చివర కొంత దూరం ఎక్కాల్సిందే. లోపల మెట్లు చాలా ఉంటాయి, స్ట్రోలర్ తీసుకెళ్ళనివ్వరు. అత్తయ్యగారికి అది వద్దు. కింద ఆల్ప్‌జే సరస్సు ఒడ్డున బెంచీలున్నాయి, పైకి చూస్తే కోట కనిపిస్తుంది. ఎవరో ఒకరు ఆవిడకి తోడుండండి.

అదే రాజు కట్టించిన లిండర్‌హోఫ్ ఇంకా నయం. చిన్నది, తోటలు, ఫౌంటెన్లు. ఆయన బతికుండగా పూర్తయిన పెద్ద భవనం అదొక్కటే. గార్మిష్ నుంచి ఓబెరామెర్‌గౌకి బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. 2025లో ఆయన కోటలన్నిటినీ కలిపి యునెస్కో జాబితాలో చేర్చారు కాబట్టి పాపకి "ఇదీ అదే రాజుది" అని చెప్పొచ్చు.

గార్మిష్ నుంచి నోయ్‌ష్వాన్‌స్టైన్ పక్కనున్న ఫ్యూసెన్ ఊరికి బస్సు ఉంది కానీ రోజుకి కొన్నే, దాదాపు రెండు గంటలు. తిరిగొచ్చే బస్సు టైమ్ ముందు చూసుకుని, దాన్ని బట్టి కోట టికెట్ టైమ్ ఎంచుకోండి.

---

పప్పుచారు · హైదరాబాద్

తిండి సంగతి నాకు వదిలేయండి. గుడ్డు కూడా తినని మనిషితో హోటళ్ళ మీద ఆధారపడొద్దు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు తీసుకోండి, అక్కడ ఫెరియన్‌వోనుంగ్ అని వెతకాలి. మెనూలో శాకాహారం అని రాసిన వాటిలో చాలావాటికి గుడ్డు తగులుతుంది. చీజ్ వేసిన స్పెట్జ్లే నూడుల్స్ పిండిలో గుడ్డు, బ్రెడ్ ఉండల్లో గుడ్డు. బవేరియాలో బంగాళాదుంప సలాడ్‌ని చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్ళతో కలుపుతారు, అడగకుండా తినొద్దు. ఎర్ర క్యాబేజీ కూరలో కొన్నిచోట్ల పంది కొవ్వు వేస్తారు. బ్రెట్జెల్, వేయించిన బంగాళాదుంపలు, ఫలాఫెల్ బళ్ళు దిక్కు.

సూపర్ మార్కెట్‌లో బాస్మతి బియ్యం, ఎర్ర కందిపప్పు లాంటి పప్పు, మంచి పెరుగు దొరుకుతాయి. ఊరగాయ, పప్పుపొడి, చింతపండు గుజ్జు ఇక్కడి నుంచి పట్టుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు తేవడం నిషిద్ధం. పోపు పెట్టేటప్పుడు కిటికీ తీయండి, స్మోక్ అలారం ఊరికే ఉండదు.

ఆదివారం షాపులు బంద్. మేలో 14న గురువారం పండుగ సెలవు, 25న సోమవారం ఇంకో సెలవు. ముందురోజే పాలు, కూరగాయలు కొనేసుకోవాలి. పెద్ద స్టేషన్లలోని షాపులు మాత్రం తీసి ఉంటాయి.

---

కొత్తచేరిక · వరంగల్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వీసాకి హోటల్ బుకింగులు అన్నీ ముందే చూపించాలా? మాకూ ఇలాంటి ప్లానే ఉంది.

---

మైన్‌గట్టు · ఫ్రాంక్‌ఫర్ట్

చూపించాలి. డబ్బు వెనక్కి వచ్చే బుకింగులే చేయండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, వేసవికి స్లాట్లు తొందరగా అయిపోతాయి. ఫీజు పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకి లేదు. 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మిగతాది వేరే చర్చ పెట్టుకుందాం, ఇది వీళ్ళది.

---

కరకట్టరోడ్డు · విజయవాడ

అందరి మాటా విని ఇలా రాసుకున్నాను. 15న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి నేరుగా బొప్పార్డ్, నాలుగు రాత్రులు. తర్వాత వ్యూర్జ్‌బర్గ్ నాలుగు, గార్మిష్ నాలుగు. 27న పొద్దున గార్మిష్ నుంచి మ్యూనిక్ ఎయిర్‌పోర్ట్‌కి, మధ్యాహ్నం ఫ్లైట్. హైడెల్‌బర్గ్ కొట్టేశాను. నెల పాస్ ఐదు తీసుకుని, బొప్పార్డ్ నుంచి వ్యూర్జ్‌బర్గ్‌కి, అక్కడి నుంచి మ్యూనిక్‌కి మాత్రం ఐసీఈ టికెట్లు కొందామని. సరేనా?

---

రైలుపిచ్చి · న్యూరెంబర్గ్

దాదాపు సరే. ఆఖరి రోజు ఒక్కటి మార్చండి. ఫ్లైట్ రోజు పొద్దున గార్మిష్ నుంచి బయలుదేరొద్దు. అది సింగిల్ లైను, ఒక బండి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. గార్మిష్‌లో మూడు రాత్రులు చేసి, 26 రాత్రి మ్యూనిక్ స్టేషన్ దగ్గర పడుకోండి. అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి లోకల్ రైల్లో ముప్పావు గంట. 23 నుంచి 25 దాకా పండుగ వారాంతం, 26 నుంచి బవేరియాలో స్కూళ్ళకి సెలవులు. గార్మిష్ గదులు ఇవాళే చూడండి, కోట టికెట్ కూడా. ఆ మూడు రోజుల్లో ఐసీఈలు, జుగ్‌స్పిట్జ్ రైలు కిటకిటలాడతాయి, రిజర్వేషన్ లేకుండా ఎక్కొద్దు.

బొప్పార్డ్ నుంచి వ్యూర్జ్‌బర్గ్ టికెట్ కొనేటప్పుడు బొప్పార్డ్ నుంచే ఒకే టికెట్‌గా తీసుకోండి. పాస్ ఉంది కదా అని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మాత్రమే కొనొద్దు.

---

కరకట్టరోడ్డు · విజయవాడ

సరే అన్నా, మ్యూనిక్ రాత్రి చేరుస్తాను. ఒక్క చివరి డౌటు. స్టేషన్లలో లిఫ్ట్ ఉందో లేదో ముందే తెలుసుకోవచ్చా? అత్తయ్య అదొక్కటే అడుగుతున్నారు.

---

రైలుపిచ్చి · న్యూరెంబర్గ్

తెలుస్తుంది. బాన్‌హోఫ్ డాట్ డీఈ అనే సైట్‌లో స్టేషన్ పేరు కొడితే లిఫ్ట్ ఉందా, ఇవాళ పనిచేస్తోందా కూడా చూపిస్తుంది. బయలుదేరే ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చూడండి. లిఫ్ట్ లేని స్టేషన్ అయితే పెద్ద సూట్‌కేసులు ఆరు కాకుండా మూడే తెచ్చుకోవడం అసలు మందు. వంటగది, వాషింగ్ మెషీన్ ఉన్న ఇల్లు తీసుకుంటే మూడు సరిపోతాయి.

---

కరకట్టరోడ్డు · విజయవాడ

మూడే. ఒకటి ఇప్పటికే ఊరగాయలకి రిజర్వ్ అయిపోయింది 🙂 గార్మిష్‌లో వంటగదితో ఒక ఇల్లు దొరికింది, గ్రౌండ్ ఫ్లోర్. స్టేషన్‌కి పది నిమిషాల నడక అంటున్నారు. చలిమిడి గారూ, లింక్ మెసేజ్‌లో పంపాను, వీధి చదునేనా కాస్త చెప్పండి.

---

చలిమిడి · మ్యూనిక్

చూశాను. చదునే, ఆ వీధి చివరే బేకరీ కూడా. తీసేసుకోండి.